కాగితం చుట్టిన గుండుకు అచ్చు
(కర్నూలులో చరిత్ర విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మన వైపు పాత తుపాకుల మాటెత్తితే ముందు కోయిలకుంట్లే గుర్తొస్తుంది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అక్కడి ఖజానా మీద పడిన కాలానికి కంపెనీ సిపాయిలు మోసేది లోపల నున్నగా ఉండే గొట్టం తుపాకి. అందులో వేసేది గుండ్రటి సీసపు గుండు. అది వదులుగా లోపలికి దిగితే చాలు, సీసం కరిగించి గుండు పోసే అచ్చు కొలత గురించి తల బద్దలు కొట్టుకునే పని లేదు. ఆ తలనొప్పి రైఫిల్‌తో మొదలైంది.

రైఫిల్ గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్లుంటాయి, గాడికీ గాడికీ మధ్య గట్టు. అందుకే ఒకే గొట్టానికి రెండు కొలతలు. 45 క్యాలిబర్ (అంటే గొట్టం లోపలి వెడల్పు అంగుళంలో వందకు 45 వంతులు) అమెరికన్ రైఫిల్‌లో మామూలుగా గట్ల మధ్య 450 థౌలు, గాళ్ల మధ్య 458. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, లేత్ పట్టినవాళ్లెవరికైనా తెలుసు.

ఇప్పుడు గుండుకు కాగితం చుట్టాలి. సీసం గొట్టానికి అంటుకోకుండా అడ్డుండేది అదే. పల్చటి కాగితం 2 థౌలనుకోండి. రెండు చుట్లు చుడితే ఒక పక్క 4, రెండు పక్కలా కలిపి 8. గట్ల మధ్య సరిపోవాలంటే 450లోంచి 8 పోను 442. మసి పట్టిన గొట్టంలోనూ దిగాలి కాబట్టి ఇంకో థౌ తగ్గించుకుంటారు. గాళ్ల నిండా కూర్చోవాలనుకునేవాళ్లు 458లోంచి 8 పోను 450 అచ్చు తీసుకుంటారు. నన్నడిగితే నల్ల తుపాకిమందుకు మొదటి పద్ధతే మేలు. ఆ మందు వదిలే మసి అంతా ఇంతా కాదు.

మరి చిన్న గుండు గాళ్లను ఎట్లా పట్టుకుంటుందని అడుగుతారు. మందు అంటుకున్న దెబ్బకు మెత్తటి సీసం వెనకనుంచి నలిగి, లావెక్కి, గాళ్లలోకి దిగుతుంది. గట్లు కాగితాన్ని కోస్తాయి, గొట్టం దాటగానే అది పీలికలై రాలిపోతుంది. సీసం మరీ గట్టిదైతే ఈ తంతు జరగదు. బ్రిటిష్ సైన్యం వాడిన మార్టిని-హెన్రీ రైఫిల్ గుండులో 12 పాళ్ల సీసానికి ఒక పాలు తగరం కలిపేవాళ్లు, బరువు 480 గ్రెయిన్లు, అంటే సుమారు 31 గ్రాములు. మిశ్రమం మారితే గుండు కొలతా మారుతుంది. ఒకే అచ్చులో పోసినా ఉత్త సీసం చల్లారేటప్పుడు కాస్త ఎక్కువ కుంచించుకుపోతుంది. కాబట్టి అచ్చు మీద చెక్కిన అంకెను నమ్మొద్దు, పోసిన గుండును మైక్రోమీటర్‌లో పెట్టండి.

గుండు పొడవు కూడా ఇష్టానికి ఎంచుకునేది కాదు. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టంలో గాడి ఒక చుట్టు తిరగడానికి 78 అంగుళాలు పట్టేది, మార్టిని-హెన్రీలో 22. పొడుగు గుండుకు బిగువైన మెలిక కావాలి, లేకుంటే గాల్లో తూలుతుంది. అన్నట్టు, 1857లో సిపాయిలు నోటితో కొరకమంటే ఎదురుతిరిగింది ఈ ఎన్‌ఫీల్డ్ తూటా కాగితాన్నే. కొవ్వు సంగతి అందరికీ తెలుసు. అదే కాగితం గుండుతోపాటు గొట్టంలోకి దిగేదన్నది ఎవరూ చెప్పరు.

ఇదంతా మీకెందుకంటే, రేపు మ్యూజియంలో జాబితా రాసేటప్పుడు 45 రైఫిల్ పక్కన 442 థౌల నున్నటి గుండు కనబడితే ‘దీనిది కాదు’ అని పక్కన పడేయకండి. ఒంటి మీద గ్రీజు నింపే గాళ్లు లేకుండా, అడుగున చిన్న గుంట ఉంటే కాగితానికి పోసిందేమో చూడండి. కాగితం తోకను మెలితిప్పి ఆ గుంటలోనే దోపుతారు.

ఇంకో మాట. సొంతంగా పోసి చూద్దామని మాత్రం అనుకోవద్దు. 1959 ఆయుధాల చట్టం మందుగుండు తయారుచేసే సాధనాలను కూడా మందుగుండు కిందే లెక్కేస్తుంది. అచ్చు పట్టుకున్నా లైసెన్సు అడగొచ్చు.

అందుకే నేను తెచ్చింది చెక్క గుండు. కాగితాన్ని రెండు కొసలా ఏటవాలుగా కోశాను, చుట్టినప్పుడు అంచు అంచు మీదకు ఎక్కకుండా పక్కపక్కన ఆనాలి. ఎక్కిందంటే అక్కడ ఇంకో 2 థౌలు. తడిపి చుడితే ఆరేటప్పుడు బిగుసుకుంటుంది. ముందు వరసవాళ్లు రండి, చుట్టకముందు ఒకసారి, చుట్టాక ఒకసారి కొలిచి బోర్డు మీద రాయండి.