పుత్తడి అనే మాట ఎక్కడ మారింది?

అందరికీ నమస్కారం.

“ఓ కృష్ణా! నీ కీర్తి హంసవలె ఆకాశగంగయందు మునుగుచున్నది.” బడిలో ఉపమాలంకారానికి ఉదాహరణగా చెప్పే ఈ వాక్యం వినగానే మీలో సగం మంది నవ్వారు. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని దాన్ని నాలుగు ముక్కలు చేసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే మనమంతా. నేనూ చాలా ఏళ్లు అలాగే పాఠం చెప్పాను. తప్పు లేదు గానీ, ఆ హంసకి కథ లేదు. ఒక్క వాక్యంలో పుట్టి అందులోనే మునిగిపోతుంది. కథ చెప్పే కవిత్వంలో పోలిక అలా ఒకచోట ఆగదు. కథతో పాటు నడుస్తుంది, నడుస్తూ అర్థం మార్చుకుంటుంది. ఇది చూపించడానికి గురజాడ ‘పూర్ణమ్మ’ కంటే మంచి కథ నాకు దొరకలేదు.

“మేలిమి బంగరు మెలతల్లారా, కలువల కన్నుల కన్నెల్లారా” అని మొదలవుతుంది. ఇవి పూర్ణమ్మ వర్ణనలు కావు, గుర్తుంచుకోండి. కథ వింటున్న ఆడవాళ్లను పిలుస్తున్న పిలుపులు. తర్వాత కొండల నడుమ కోన, కోనలో కొలను, కొలని గట్టున కోవెల. కోవెలలో “బంగరు దుర్గ”. పూజారి ఇంట “పుత్తడి బొమ్మా పూర్ణమ్మా”. వినేవాళ్లు బంగారం, అమ్మవారు బంగారం, పిల్ల బంగారం. బిడ్డను ‘బంగారుతల్లీ’ అని పిలవని ఇల్లు మనలో ఉందా? ఆ ముద్దే ఇది. నాలుగేసి మాత్రల నడక కూడా ఉయ్యాల ఊపినట్టే సాగుతుంది.

అంతలో “కాసుకు లోనై తల్లీ తండ్రీ” అంటాడు. ఆ పాదంతో పుత్తడికి తూకం వచ్చిపడింది. “పుత్తడి బొమ్మను పూర్ణమ్మను” ముసలివాడికి ముడివేశారు. మాట అదే, ఒక్క అక్షరం మారలేదు. ముద్దుపేరు కాస్తా సరుకు పేరయింది.

సరుకు అని ఊరికే అనడం లేదు. 1897లో వచ్చిన ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో ముందుమాట రాశాడు. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో తీయించిన జాబితా లెక్క అందులో ఉంది. మూడేళ్లలో 1,034 శుల్కం పెళ్లిళ్లు, అంటే పిల్ల తల్లిదండ్రులకు డబ్బిచ్చి చేసుకున్న పెళ్లిళ్లు. ఏడాది వయసు పిల్లలు ముగ్గురు, ఆ పసికందుల ధర ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు. ఈ అంకెలు తెలిశాక ‘పుత్తడి బొమ్మ’ అని పైకి చదువుతుంటే నాకైతే గొంతు పట్టేస్తుంది.

పెళ్లి అయ్యాక ఆమని వస్తుంది. దుర్గ కొలనులో తామరలు కలకల నవ్వుతాయి, చిలకలు కిలకిలమంటాయి. ఇదేమిటి, పిల్ల ఏడుస్తుంటే వసంతమా అనిపిస్తుంది. వెంటనే, మొగుణ్ని చూసిన నిమిషాన ముద్దు నగవులు ఆమె “ముఖ కమలమ్మును” విడిచిపోయాయంటాడు. ముఖకమలం, పాత మాటే, లక్షసార్లు విన్నదే. కానీ కొలనులో నిజం తామర నవ్వుతున్నప్పుడు ఈ తామర వాడింది. దుఃఖం చెప్పడానికి ఆ ఒక్క పోలికే చాలు.

పక్కదారి పడుతున్నాను, ఒక్క నిమిషం. అలంకారాన్ని వేళ చూసి పట్టుకోవాలి, వేళ చూసి వదలాలి అని 9వ శతాబ్దంలోనే కాశ్మీరంలో ఆనందవర్ధనుడనే అలంకారశాస్త్రవేత్త చెప్పాడు. వదలడం ఎలాగో పోతన్నను చూడండి. గజేంద్రుడి మొర విన్న విష్ణువు “సిరికిం జెప్పడు”, శంఖచక్రాలు అందుకోడు, పరివారాన్ని పిలవడు... వరసగా ఆరు ‘చేయడు’లు. పోలిక ఒక్కటీ లేదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు ‘వలె’ అనుకునే తీరిక ఎవరికి?

పూర్ణమ్మ దగ్గరికి వద్దాం. భర్త తీసుకెళ్లడానికి వచ్చిన రోజు ఆమె పూలతో గుడికి వెళ్లింది. పొద్దు గూకింది. ఆవులు, పెయ్యలు మందల్లో చేరాయి. పిట్టలు చెట్ల మీద గుమిగూడాయి. చుక్కలు పొడిచాయి. “యింటికి పూర్ణమ రాదాయె.” కొలనులో దూకిందని గానీ, చనిపోయిందని గానీ కవి అనడు. రోజూ సాయంత్రం ఏ పల్లెలోనైనా జరిగేదే చెబుతున్నాడు, ఎవరి చోటికి వాళ్లు చేరడం. ఆ ‘చేరు’ అనే మామూలు క్రియనే చివర నాలుగుసార్లు వాడాడు:

కన్నుల కాంతులు కలువల జేరెను
మేలిమి జేరెను మేని పసల్
హంసల జేరెను నడకల బెడగులు
దుర్గను జేరెను పూర్ణమ్మ.

హంస మళ్లీ వచ్చింది, చూశారా! కలువకళ్లు, బంగారు మేను, హంసనడక అరిగిపోయిన ఉపమానాలు. కవి వాటిని తిరగేశాడు. ఎవరి దగ్గర తెచ్చుకున్నవి వాళ్లకి అప్పగించేసింది పిల్ల. కళ్లు కలువల్లా ఉన్నాయనడానికి ఇక కళ్లే లేవు.

ఆ కాంతులు కలువల్లోకి చేరాయన్నాడు. మరి ‘కలువల కన్నుల కన్నెలు’ ఎవరు? కథ వింటున్నవాళ్లు. పూర్ణమ్మ చూపు వాళ్ల కళ్లలోకి వచ్చి చేరిందని నేను చదువుకుంటాను. గురజాడ అలా అనుకున్నాడో లేదో గానీ, కథ అయ్యాక మొదటి పద్యం మళ్లీ చదివితే అది పిలుపులా వినిపించదు. చదువుతాను, మీరే చూడండి:

మేలిమి బంగరు మెలతల్లారా
కలువల కన్నుల కన్నెల్లారా
తల్లుల గన్నా పిల్లల్లారా
విన్నారమ్మా యీ కథను?