దుబాయ్‌లో వ్యాట్ రిఫండ్ తీసుకున్నారా? అయితే శంషాబాద్‌లో మీ దారి గ్రీన్ చానెల్ కాదు!

నచ్చినా నచ్చకపోయినా ఒక మాట ముందే చెప్పేస్తున్నా. దుబాయ్ ఎయిర్‌పోర్టులో లక్షా పాతిక వేల వాచీ చూపించి వ్యాట్ రిఫండ్ తీసుకున్నారు. నాలుగు గంటల తర్వాత శంషాబాద్‌లో దిగి, అదే వాచీతో గ్రీన్ చానెల్ గుండా దర్జాగా బయటికి నడిచారు. అంటే ఒకే రోజు రెండు దేశాలకి రెండు మాటలు చెప్పారు. అక్కడేమో "ఈ వస్తువు మీ దేశం దాటిస్తున్నాను, నా పన్ను నాకిచ్చేయండి". ఇక్కడేమో "డ్యూటీ కట్టాల్సిన వస్తువు నా దగ్గర ఏదీ లేదు". బిల్లు ఒకటే, పాస్‌పోర్టు ఒకటే, మనిషి ఒకడే!

ఆ రీల్స్ మీరూ చూసే ఉంటారు. "దుబాయ్‌లో కొను, రిఫండ్ పట్టు, ఇండియాలో ఇప్పుడు 75 వేల దాకా ఫ్రీ." 2026 ఫిబ్రవరిలో కొత్త బ్యాగేజ్ రూల్స్ వచ్చి, విమానంలో వెంట తెచ్చుకునే వస్తువులకి డ్యూటీ లేని 50 వేల పరిమితి 75 వేలు అయిన దగ్గర్నుంచి ఈ గోల మరీ ఎక్కువైంది. చెప్పేవాడి వెనక బూర్జ్ ఖలీఫా, చేతికి మెరిసే వాచీ. లెక్క మాత్రం సగం దగ్గరే ఆపేస్తాడు. మిగతా సగం నేను చెప్తా, కాస్త ఓపిక పట్టండి.

వాచీ ధర 5,000 దిర్హమ్‌లు అనుకుందాం. దాని మీద 5 శాతం వ్యాట్, అంటే 250. కౌంటర్ దగ్గర ఆ 250 మొత్తం ఇస్తారా? ఇవ్వరు. అందులో 85 శాతం లెక్కగట్టి, ఆపైన ఒక్కో బిల్లుకి 4.80 దిర్హమ్‌లు ఫీజు కోస్తారు. చేతికొచ్చేది 207.70. దిర్హమ్ 24 రూపాయలు వేసుకుంటే ఐదు వేలకి కొంచెం తక్కువ. ఇక్కడ రీల్ అయిపోతుంది, లైకులు పడిపోతాయి.

ఇప్పుడు శంషాబాద్‌కి రండి. వ్యాట్ పక్కన పెట్టినా వాచీ విలువ లక్షా 20 వేలు. అందులో 75 వేలు తీసేస్తే మిగిలింది 45 వేలు. దాని మీద డ్యూటీ 35 శాతం, సర్‌ఛార్జితో కలిపి 38.5. అక్షరాలా 17,325 రూపాయలు! ఐదు వేలు వచ్చాయని స్టేటస్ పెట్టిన అన్నయ్యా, ఈ పదిహేడు వేల సంగతి ఏ స్టేటస్‌లో పెట్టావు?

నేను మొత్తుకునేది ఒక్కటే. రిఫండ్ అంటే ట్యాక్స్ మాఫీ కాదు, ట్యాక్స్ చిరునామా మారడం. వస్తువు తమ దేశంలో వాడరు, ఎగుమతి అయిపోతోంది కాబట్టి వాళ్లు పన్ను వదులుకుంటున్నారు. అక్కడ ఎగుమతి అయితే ఇక్కడ దిగుమతే కదా! థాయిలాండ్‌లో తీసుకున్నా, సింగపూర్‌లో తీసుకున్నా ఇదే కథ.

"అయితే రిఫండ్ తీసుకోను, అప్పుడు డ్యూటీ ఉండదుగా?" ఈ ప్రశ్న ఎంతమంది అడిగారో! ఉంటుంది బాబూ, ఉంటుంది. రిఫండ్ తీసుకున్నావా లేదా అన్నది మన కస్టమ్స్ లెక్కలోనే లేదు. భయపడి అక్కడ వదిలేస్తే రెండు చోట్లా కట్టినట్టు. కాబట్టి రిఫండ్ హాయిగా తీసుకోండి, అది మీ హక్కు. తీసుకుని, విలువ 75 వేలు దాటితే డ్యూటీ కట్టే రెడ్ చానెల్‌కి వెళ్లండి. సిగ్గెందుకు? కస్టమ్స్ వాళ్ల అతిథి యాప్‌లో ముందే డిక్లరేషన్ ఇచ్చుకోవచ్చు కూడా. డ్యూటీ కట్టడం ఇష్టం లేదా? నిజం చెప్పి డిక్లేర్ చేస్తే, కస్టమ్స్ చట్టం సెక్షన్ 80 కింద వస్తువు వాళ్ల దగ్గరే ఉంచి, తిరిగి దేశం దాటేటప్పుడు తీసుకెళ్లమని అడగొచ్చు. సెలవుకొచ్చి పోయే గల్ఫ్ వాళ్లకి బంగారం లాంటి సెక్షన్ ఇది. ఏ రీల్‌లోనైనా విన్నారా?

ఇంకో తెలివి. "నాకు 75, మా ఆవిడకి 75, మొత్తం లక్షన్నర. హ్యాండ్‌బ్యాగు లక్షా నలభై, సరిపోయింది." సరిపోలేదు బావా! ఇద్దరి పరిమితులు కలపడం కుదరదు. బ్యాగు ఒకటే, దాన్ని మధ్యకి కోసి చెరి సగం తెస్తారా? 65 వేల మీద 25,025 కట్టాలి. టీవీ అయితే 75 వేలు అనే మాటే లేదు, 2013 ఆగస్టు నుంచి ఫ్లాట్ టీవీకి మొదటి రూపాయి నుంచే డ్యూటీ. లాప్‌టాప్ ఒకటి ఫ్రీ, అది నిజమే.

అసలు నా అనుమానం ఏంటంటే, ఈ రిఫండ్ అనేది ప్రయాణికుల కోసం పుట్టింది కాదు, షాపుల కోసం పుట్టిన ఎర. బ్రిటన్‌నే చూడండి. 2021 జనవరి 1 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో తీసేశారు. గగ్గోలు పెట్టింది ఎవరు? టూరిస్టులు కాదు, లండన్‌లో ఖరీదైన బ్రాండ్ల షాపుల వాళ్లు! టూరిస్టులంతా పారిస్ పోతున్నారని ఏడుపు. 2022లో మళ్లీ తెస్తామని ఒక ఆర్థిక మంత్రి అన్నాడు, కొన్ని వారాల్లోనే కొత్తాయన వచ్చి కొట్టేశాడు. ఎర లేకపోతే ఎవరికి నొప్పో అర్థమైందిగా?

అలాగని మన సర్కారుని వదిలేస్తానా? మగవాళ్లయితే 20 గ్రాముల నగ తెచ్చుకో, కానీ విలువ 50 వేలు దాటకూడదు అని 2016 రూల్. పది గ్రాముల బంగారం లక్ష దాటాక కూడా అదే రూల్! ఏడాదికి పైగా బయట ఉండి వచ్చేవాళ్లకి ఆ విలువ మెలిక తీసేయడానికి పదేళ్లు పట్టింది. ఇప్పుడు ఈ 38.5 చూడండి. పర్ఫ్యూమైనా, వాచీ అయినా, బూట్లయినా ఒకటే బాదుడు. 2026 బడ్జెట్‌లో వ్యక్తిగత వాడకానికి తెప్పించుకునే వస్తువుల మీద సుంకం 20 శాతం నుంచి 10కి తగ్గించారు, అదేమో పార్సిల్‌లో వచ్చేవాటికి. దాని మీద జీఎస్టీ విడిగా పడుతుంది, ఒప్పుకుంటా. అయినా పార్సిల్‌కి పది, మన చేతి సంచికి ముప్పై ఐదు... ఇదేం లెక్క సార్? తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కామెంట్లలో రాయండి. బూతులు వద్దు, లెక్క రాయండి. సరైన సమాధానం పిన్ చేస్తా.