ఎడిటింగ్ గదిలో రెండో కుర్చీ

అందరికీ నమస్కారం.

సినిమా తీయాలన్న పట్టుదల ఉండి, వెనకాల నిర్మాత గానీ స్టూడియో గానీ లేనివాళ్లే ఇక్కడ ఎక్కువమంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. కాబట్టి ఉపోద్ఘాతం పెట్టుకోకుండా నేరుగా విషయంలోకి వస్తాను. డిజిటల్ వచ్చాక సినిమా చవకైంది, అందరి చేతికీ అందింది అని మీరు చాలాసార్లు విని ఉంటారు. అది నిజమే. కెమెరా ధర తగ్గడం కంటే పెద్ద మార్పు మరొకటి జరిగిందని నా అభిప్రాయం. ఎడిటింగ్ గదిలో ఒకప్పుడు ఇద్దరో ముగ్గురో ఉండేవారు. ఇప్పుడు చాలా గదుల్లో ఒక్కరే కూర్చుంటున్నారు, పక్కనున్న రెండో కుర్చీ ఖాళీ. ఈ మార్పు వల్ల మనకు ఏం దక్కింది, ఏం పోయింది అన్నదే ఈ రోజు మాట్లాడదలచుకున్నాను.

ముందు పాత పనిని కాస్త దగ్గరగా చూద్దాం. 35 ఎంఎం ఫిల్మ్ సెకనుకు 24 ఫ్రేముల చొప్పున, నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. వెయ్యి అడుగుల రోలు 11 నిమిషాలకు అయిపోతుంది. షూటింగ్ అయ్యాక ల్యాబ్ నుంచి వర్క్‌ప్రింట్, అంటే ఎడిటింగ్ కోసం తీసిన కాపీ వచ్చేది. ఎడిటర్ దాన్ని మూవియోలా అనే ఎడిటింగ్ యంత్రం మీదో స్టీన్‌బెక్ అనే ఎడిటింగ్ టేబుల్ మీదో ఎక్కించి, కోయాలనుకున్న ఫ్రేము మీద మైనపు పెన్సిల్‌తో గీత పెట్టేవారు. స్ప్లైసర్‌లో ఉంచి బ్లేడు దించి, రెండు ముక్కల అంచులు కలిపి పైన సన్నని టేపు అంటించేవారు. బొమ్మతో పాటు నడిచే మాగ్నెటిక్ సౌండ్‌నూ అదే కొలతకు కోయాలి. ఒక్క ఫ్రేము అటూ ఇటూ అయినా ఆ తర్వాత సీనంతా పెదవులకూ మాటకూ పొంతన ఉండదు. కోసి తీసిన ముక్క ఎనిమిది ఫ్రేములదే అయినా పారేసేవారు కాదు. గుడ్డ సంచి బిగించిన బిన్ పైన వరసగా కొక్కేలుండేవి, వాటికి తగిలించి నంబరు రాసుకునేవారు. మర్నాడు డైరెక్టర్ వచ్చి "ఆ చూపు ఇంకాస్త సేపు ఉంచుదాం" అంటే ఆ ఎనిమిది ఫ్రేములు వెతికి తీసి మళ్లీ అతికించాలి. డిజాల్వ్ కావాలంటే, అంటే ఒక బొమ్మ కరిగి ఇంకో బొమ్మలోకి మారాలంటే, ల్యాబ్‌కు ఆర్డర్ పెట్టి ఎదురుచూడాలి. అది వచ్చేదాకా వర్క్‌ప్రింట్ మీద అడ్డంగా గీసిన పెన్సిల్ గీతనే డిజాల్వ్ అనుకుని చూడాలి.

ఈ వెతకడం, తగిలించడం, నంబర్లు రాయడం అసిస్టెంట్ల పని. అందువల్ల వాళ్లు ఆ గదిలోనే ఉండక తప్పేది కాదు. ఒక క్లోజప్ ఉంచాలా తీసేయాలా అని ఎడిటరూ డైరెక్టరూ గంటసేపు వాదించుకుంటుంటే, అసిస్టెంట్ చేతులు రోలు చుడుతూ ఉండేవి, చెవులు మాత్రం ఆ వాదన మీదే ఉండేవి. ఎడిటింగ్ చాలామందికి అలాగే వచ్చింది. సోవియట్ దర్శకుడు జిగా వెర్తోవ్ 1929లో తీసిన 'మ్యాన్ విత్ ఎ మూవీ కెమెరా'లో ఎడిటర్ ఎలిజవెతా స్విలోవా ఫిల్మ్ ముక్కలను చేత్తో పట్టుకుని చూడటం, కోయడం తెర మీదే కనిపిస్తాయి. ఇంటికి వెళ్లాక ఆ కొద్ది నిమిషాలైనా చూడండి. ఈ పని తొలినాళ్లలో ఎంతోమంది ఆడవాళ్ల చేతుల మీదుగా నడిచింది. వాళ్లలో చాలామంది పేర్లు మనకు తెలియవు.

తర్వాత వీడియో టేపు వచ్చింది. ఇండిపెండెంట్‌గా తీసేవాళ్లకు అది ఊరటా అయింది, శిక్షా అయింది. ఒక టేపు మీద నుంచి ఇంకో టేపు మీదకు షాట్లను వరసగా ఎక్కించుకుంటూ పోవాలి. మూడో నిమిషంలో ఒక షాట్‌ను రెండు సెకన్లు పెంచాలంటే ఆ తర్వాతదంతా మళ్లీ ఎక్కించాలి, లేదా కాపీకి కాపీ తీసి బొమ్మ నాణ్యత పోగొట్టుకోవాలి. ఈ బాధ తప్పించాలని 1971లో సీఎంఎక్స్ 600, 1984లో లూకాస్‌ఫిల్మ్ వారి ఎడిట్‌డ్రాయిడ్ అనే కంప్యూటర్ ఎడిటింగ్ యంత్రాలు వచ్చాయి. రెండూ నిలబడలేదు. 1989లో వచ్చిన అవిడ్ అనే కంప్యూటర్ ఎడిటింగ్ వ్యవస్థ నిలబడింది.

అవిడ్ తెచ్చిన మార్పు ఏమిటో అర్థం చేసుకోవడానికి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో షాట్లు వరసగా కనిపించే పట్టీని, అంటే మీ టైమ్‌లైన్‌నే చూడండి. అందులో బొమ్మలు ఉండవు. ఫలానా ఫైలులో ఫలానా ఫ్రేము నుంచి ఫలానా ఫ్రేము వరకు చూపించు అన్న ఆదేశాలు మాత్రమే ఉంటాయి. మీరు ఎన్ని వందల కట్లు వేసినా అసలు ఫుటేజీలో ఒక్క ఫ్రేము కూడా తెగదు. మొత్తం సినిమాకు మరో రూపం కావాలంటే సీక్వెన్సును, అంటే ఆ ఆదేశాల జాబితాను, డూప్లికేట్ చేస్తే చాలు. నచ్చకపోతే అన్‌డూ. ఫిల్మ్ మీద ప్రతి కట్‌కూ చేతికష్టం ఉండేది. అందుకని కోయకముందే మనసులో పదిసార్లు కోసి చూసుకునేవారు. ఇప్పుడు ముందు కోసి తర్వాత ఆలోచించవచ్చు. ఇందులో తప్పేమీ లేదు, ఆ స్వేచ్ఛ నాకు ఎంతో ఇష్టం. ఎన్నో మంచి కట్లు "ఇలా పెట్టి చూద్దాం" అన్న చోటే పుట్టాయి.

హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ 'ది ఇంగ్లిష్ పేషెంట్'ను ఫిల్మ్ మీద మొదలుపెట్టి మధ్యలో అవిడ్‌కు మారారు. ఎడిటింగ్‌కు ఆస్కార్ గెలిచిన సినిమాల్లో డిజిటల్‌గా ఎడిట్ చేసిన మొదటిది అదే. ఆ తర్వాత స్టూడియోల్లో ఇక వాదన మిగల్లేదు. మనలాంటివాళ్ల దగ్గరికి ఆ యంత్రం రావడానికి మాత్రం ఇంకొన్నేళ్లు పట్టింది. 1995లో డీవీ అనే డిజిటల్ వీడియో టేపు వచ్చింది, దాంతోపాటు ఫైర్‌వైర్ తీగ వచ్చింది. కెమెరాలోని బొమ్మ నాణ్యత పోకుండా ఒక్క తీగ ద్వారా నేరుగా కంప్యూటర్‌లోకి దిగేది, గంట ఫుటేజీకి సుమారు 13 జీబీ. 1999లో ఫైనల్ కట్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వెయ్యి డాలర్లకు దొరికింది. నాలుగేళ్లకు అదే మర్చ్ 'కోల్డ్ మౌంటెన్' అనే భారీ సినిమాను అదే సాఫ్ట్‌వేర్ మీద ఎడిట్ చేశారు. ఇంట్లో కూర్చుని లఘుచిత్రం కట్ చేసుకునే కుర్రవాడి చేతిలోనూ, ఆస్కార్ గెలిచిన ఎడిటర్ చేతిలోనూ ఒకే పనిముట్టు! సినిమా చరిత్రలో అంతకుముందు ఇలా జరగలేదు.

ఈ మార్పు ఎంత పెద్దదో తెలియాలంటే ముందు దర్శకుడు రాబర్ట్ రోడ్రిగెజ్ పనిని చూడండి. 1992 నాటి 'ఎల్ మరియాచి'ని ఆయన సుమారు 7,000 డాలర్లతో 16 ఎంఎం మీద తీశారు. ఫిల్మ్ వృథా కాకూడదని చాలా షాట్లకు ఒకే టేక్. సౌండ్‌ను విడిగా క్యాసెట్ రికార్డర్ మీద పట్టి తర్వాత బొమ్మకు కలిపారు. కాసేపటికి పెదవులకూ మాటకూ పొంతన తప్పేది. తప్పిన చోటల్లా ఇంకో షాట్‌కు కట్ చేశారు. ఆ సినిమా వేగం గురించి అందరూ మెచ్చుకుంటారు కదా, ఆ వేగంలో కొంత ఇలా పుట్టిందే. 2003లో జొనాథన్ కాయెట్ తన కుటుంబం గురించి 'టార్నేషన్' తీశారు. దాన్ని కంప్యూటర్‌తో పాటు ఉచితంగా వచ్చే ఐమూవీలో ఎడిట్ చేశారు. ఖర్చు 218 డాలర్లు. అయితే ఆ అంకె ఒక్కటే చెప్పి ఊరుకోవడం మిమ్మల్ని తప్పుదోవ పట్టించడమే. అందులో వాడిన పాటలకూ క్లిప్పులకూ హక్కులు కొని, సౌండ్ సరిచేసి, థియేటర్‌కు సిద్ధం చేసేసరికి అది దాదాపు 4 లక్షల డాలర్లయింది. పాటల హక్కుల సంగతి మొదటి రోజే తేల్చుకోండి. టైమ్‌లైన్‌లో పాట వేసుకోవడం తేలికే, సినిమా బయటికి వెళ్లేటప్పుడు అదే కాళ్లకు బంధమవుతుంది.

మిగతా కథ మీకు తెలిసిందే కాబట్టి త్వరగా చెప్పేస్తాను. 2008లో కెనాన్ 5డీ మార్క్ 2తో ఫొటో కెమెరా సినిమా కెమెరా అయింది. దర్శకుడు షాన్ బేకర్ ఐఫోన్ 5ఎస్‌లతో తీసిన 'టాంజెరీన్' 2015లో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. ఒకప్పుడు లక్షల డాలర్లు పోసి కొనాల్సిన, సినిమా రంగులు సరిదిద్దే డావించీ రిజాల్వ్‌కు 2011లో ఉచిత వెర్షన్ వచ్చింది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఫుటేజీకి ఖర్చు లేకపోయేసరికి కెమెరా ఆపడం మానేశాం. 'మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్' ఎడిటర్ మార్గరెట్ సిక్సెల్ ముందు సుమారు 480 గంటల ఫుటేజీ పడింది. రోజుకు ఎనిమిది గంటలు చూసినా ఒక్కసారి చూడటానికే 60 రోజులు. ఆమెకు ఒక బృందం ఉంది, ఏళ్ల సమయం ఉంది. మీ దగ్గర 40 గంటలుంటే ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట ఒక్కరే చూడాలి. అందుకే చాలామంది మొత్తం చూడరు. బాగా వచ్చిందని షూటింగ్‌లో అనుకున్న టేక్ దగ్గరికి నేరుగా వెళ్తారు. ఫిల్మ్ రోజుల్లో కావలసిన షాట్ కోసం రోలు తిప్పుతుంటే, దారిలో వద్దనుకున్న షాట్లన్నీ కళ్ల ముందు నుంచి వెళ్లేవి. వాటిలో ఏదో ఒకటి చటుక్కున పట్టేసేది. మర్చ్ ఈ సంగతి చాలాచోట్ల చెప్పారు. ఇప్పుడు యంత్రం అడిగింది మాత్రమే తెచ్చి ఇస్తుంది. కాబట్టి అడగనిది కూడా చూసే అలవాటు మనమే చేసుకోవాలి.

యంత్రం చిన్నదై, వెతికే పని పోయాక అసిస్టెంట్ ఆ గదిలో ఉండాల్సిన అవసరం లేకపోయింది. పెద్ద సినిమాల్లో అసిస్టెంట్లు పక్క గదికో నైట్ షిఫ్టుకో వెళ్లారు. చిన్న సినిమాల్లో ఆ ఉద్యోగమే పోయింది, వెనకే ఎడిటర్ కూడా పోయారు. రాసినవారే, తీసినవారే, ఎడిట్ చేసేవారే. కాకిపిల్ల కాకికి ముద్దు. వానలో రోజంతా నిలబడి తీసిన షాట్‌ను తీసేయడానికి మీకు చెయ్యి రాదు. ఆ కష్టం ప్రేక్షకుడికి కనబడదు, మీకు కనబడేది అదొక్కటే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇద్దరు మాట్లాడుకుంటున్న సీను. ఒకరు "నేను వెళ్లిపోతున్నా" అంటారు. అది మీరు రాసిన డైలాగ్, కథలో ముఖ్యమైన మాట. సహజంగానే ఆ మాట అంటున్న ముఖం మీద ఉంటారు, మాట పూర్తయ్యాక రెండోవారి మీదకు కట్ చేస్తారు. పక్కన ఒక మనిషి ఉంటే, "వినేవాళ్ల ముఖం చూపిద్దాం, మాట వెనక నుంచి వినిపించనీ" అంటారు. బొమ్మ కట్ పది ఫ్రేములు ముందుగానే వచ్చేలా జరుపుతారు, సౌండ్ ఎక్కడిదక్కడే. ఇప్పుడు "వెళ్లి" దగ్గరే వినేవారి కళ్లు కనిపిస్తాయి. ఆ కళ్లలో ఆశ్చర్యం లేదు. అంటే ఆ సంగతి ముందే తెలుసు! సీను అర్థమే మారిపోయింది. ఈ మార్పుకు కంప్యూటర్ మీద మూడు సెకన్లు చాలు. కానీ ఆ మూడు సెకన్ల పని చేయాలని తోచింది ఆ డైలాగ్ రాయని మనిషికి.

షాన్ బేకర్ తన సినిమాలు తానే ఎడిట్ చేసుకుంటారు కదా, 'అనోరా'కు ఎడిటింగ్ ఆస్కార్ కూడా ఆయనకే వచ్చింది కదా అని మీరు అడగవచ్చు. అవును. తన సినిమాను పరాయివాడిలా చూడగల శక్తి కొద్దిమందికి ఉంటుంది, ఆయనకు ఉంది. దర్శకులు కోయెన్ సోదరులు కూడా కలిసి తీసిన చాలా సినిమాలను రోడరిక్ జేన్స్ అనే మారుపేరుతో తామే ఎడిట్ చేశారు. అయితే వాళ్లు ఇద్దరు, పక్క కుర్చీ ఖాళీగా లేదు. నాకు అన్నింటికంటే ఆసక్తి కలిగించేది గింట్స్ జిల్బలోడిస్ దారి. లాత్వియాకు చెందిన ఈ యువకుడు 2019లో 'అవే' అనే పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాన్ని ఒక్కడే చేశాడు. దర్శకత్వం, యానిమేషన్, ఎడిటింగ్, సంగీతం అన్నీ తనవే. ఒక్కడే చేయగలనని రుజువు చేసుకున్న మనిషి ఆ తర్వాత ఏం చేశాడంటే, బృందాన్ని కూర్చుకున్నాడు. బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వాళ్లు చేసిన 'ఫ్లో'కు 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. అది మాటలు లేని సినిమా, ఒంటరిగా తిరిగే పిల్లి ఇతర జంతువులతో ఒకే పడవలో కలిసి బతకడం నేర్చుకునే కథ.

కొత్తగా వచ్చిన ఇంకో సౌకర్యం గురించి కూడా చెప్పాలి. ఇంటర్వ్యూ మొత్తాన్ని సాఫ్ట్‌వేరే అక్షరాల్లోకి మార్చి ఇస్తోంది, ఆ వాక్యాలను కత్తిరిస్తే బొమ్మ కూడా తెగుతుంది. డాక్యుమెంటరీలకు ఇది పెద్ద వరం, నేనూ వాడతాను. కానీ ఆ కాగితంలో మౌనం కనబడదు. "మీ నాన్నగారు ఎలాంటివారు?" అని అడిగితే ఒకావిడ నాలుగు సెకన్లు కిటికీ వైపు చూసి "మంచివారే" అంటుంది. అక్షరాల్లో మిగిలేది "మంచివారే" ఒక్కటే. మన సినిమా ఉన్నది ఆ నాలుగు సెకన్లలో. అక్షరాల మీద ఎడిట్ చేసిన ప్రతి సీనునూ, కట్ ఖాయం చేసుకునే ముందు ఒకసారి అసలు ఫుటేజీ పెట్టి చూడండి.

దాచుకోవడం గురించి ఒక్క మాట. అమెరికా మోషన్ పిక్చర్ అకాడమీ 2007లో లెక్క కట్టినప్పుడు, ఒక సినిమా ఫిల్మ్ మాస్టర్‌ను, అంటే తుది మూలప్రతిని, భద్రపరచడానికి ఏడాదికి 1,059 డాలర్లు, 4కే డిజిటల్ మాస్టర్‌కు 12,514 డాలర్లు అవుతుందని తేలింది. హార్డ్ డిస్కులు పాడవుతాయి, ఫార్మాట్లు మారిపోతాయి. స్టూడియోలకు ఆర్కైవ్‌లు ఉన్నాయి, మీకు మీరే ఆర్కైవ్. మూడు కాపీలు, రెండు రకాల మీడియా, అందులో ఒకటి వేరే ఊళ్లో. కొన్నేళ్లకోసారి కొత్త డిస్కుల్లోకి మార్చండి.

మళ్లీ ఆ రెండో కుర్చీ దగ్గరికి వస్తాను. బడ్జెట్ రాసుకునేటప్పుడు లెన్సు అద్దెకు ముందు ఎడిటర్ పేరు రాయండి. డబ్బు లేకపోతే, మీ సినిమా నేను చేస్తాను, నా సినిమా మీరు చేయండి అని ఒప్పందం పెట్టుకోండి. షూటింగ్‌కు రానివారైతే ఇంకా మంచిది. రఫ్ కట్‌ను, అంటే తొలి ఎడిట్‌ను, లింకు పంపి కామెంట్లు రాయమనడం ఎలాగూ చేస్తారు. దాంతో సరిపెట్టుకోవద్దు. ఐదారుగురిని ఒక గదిలో కూర్చోబెట్టి, మీరు తెర వైపు కాకుండా వాళ్ల వైపు చూడండి. కుర్చీలో కదిలింది ఎక్కడ, ఫోను తీసింది ఎక్కడ, పక్కవారిని ఏదో అడిగింది ఎక్కడ, ఆ టైమ్‌కోడ్‌లు, అంటే సినిమాలో ఎన్నో నిమిషం ఎన్నో సెకనో, రాసుకోండి. అయ్యాక "ఎలా ఉంది?" అని అడగవద్దు, మొహమాటానికి బాగుందనే అంటారు. కథ చెప్పమనండి. వాళ్లు చెప్పే కథలో మీరు తీసిన సీను ఏది లేకుండా పోయిందో గమనించండి.

మీరందరూ రఫ్ కట్‌లు తెచ్చుకున్నారని విన్నాను. భోజనాల తర్వాత మీ డ్రైవును ఇంతకుముందు పరిచయం లేని ఒకరికి ఇవ్వండి. వాళ్లు మీ సినిమాలో ఒక సీనును గంటసేపు తమకు తోచినట్టు మళ్లీ కట్ చేస్తారు, మీరు పక్కన కూర్చోండి, కీబోర్డు ముట్టుకోవద్దు. నాలుగు గంటలకు రెండు కట్లూ పక్కపక్కన వేసి చూద్దాం.