ఆ పొగ ఐసుది కాదు

అందరికీ నమస్కారం. మైకు వెనక వరసల దాకా వినిపిస్తోందా? సరే.

ఈ పళ్లెంలో ఉన్న ఐసు దిమ్మ పొద్దున చేపల మార్కెట్ దగ్గర కొన్నాను. గోనెసంచిలో చుట్టి తెచ్చేసరికి సగమైంది, సీటు తడిసిందని ఆటోవాలా గొణుగుడు అదనం. చిన్నప్పుడు మా వీధిలోకి పుల్లైసు బండి వచ్చేది. డబ్బా మూత తీయగానే తెల్లగా పొగ. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా, ఐసులో నిప్పెక్కడిదని మా నాయనమ్మని అడిగితే, "చల్లదనం ముదిరితే అదీ కాలుస్తుందిరా" అంది. ఆ మాటకి మళ్లీ వస్తాను.

ముందు అసలు సంగతి. ఆ పొగ ఐసులోంచి రాదు, మన చుట్టూ ఉన్న గాలిలోంచి వస్తుంది. గాలిలో నీటి ఆవిరి ఎప్పుడూ ఉంటుంది, కంటికి కనపడదు, అంతే. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని మోయగలదు, అదే సున్నా డిగ్రీలకి దిగితే 5 గ్రాములు కూడా మోయలేదు. ఐసుని ఆనుకున్న గాలి చల్లబడగానే మోయలేని ఆవిరంతా సన్నటి నీటి చుక్కలైపోతుంది, వాటి మీద వెలుతురు పడి చెదిరితే మనకి తెల్లగా కనపడుతుంది. కుక్కర్ విజిల్ వేసినప్పుడు గమనించండి (దూరం నుంచే!), రంధ్రం దగ్గర కాస్త మేర ఏమీ కనపడదు, తెలుపు ఆ పైన మొదలవుతుంది. కనపడనిది ఆవిరి, కనపడేది నీళ్లు.

మరి ఈ దిమ్మ మీద పొగ పెద్దగా లేదేం? ఈ హాల్లో ఏసీ పొద్దుట్నుంచీ తిరుగుతోంది, తేమ చాలావరకు అదే లాగేసింది. ముందు వరసలో బాబూ, నువ్వు రా. నోరు బాగా తెరిచి ఐసు మీదుగా మెల్లగా "హా" అను. చూశారా, ఎలా లేచిందో! వాడి ఊపిరిలోని తేమే అది. ఇంకోటి చూడండి, టీ కప్పు మీది పొగలా పైకి పోకుండా పళ్లెం అంచు దాటి కిందికి జారుతోంది, చల్లగాలి బరువు కదా. ఫ్రీజర్ తలుపు తీస్తే పొగ మన కాళ్ల మీద పడేదీ అందుకే, వానాకాలంలో మచిలీపట్నంలో తీస్తే బాగా, మార్చి మధ్యాహ్నం అనంతపురంలో తీస్తే అంతంతమాత్రంగా.

శ్రీహరికోట ప్రయోగాలు టీవీలో చూస్తారుగా? క్రయోజెనిక్ దశ, అంటే అతి చల్లటి ద్రవాలతో నడిచే భాగం ఉన్న రాకెట్ అయితే, ఇంజిన్ వెలిగించకముందే పక్కల నుంచి తెల్లగా కారుతూ ఉంటుంది. నేనైతే చాలా ఏళ్లు అది ఇంధనం లీకనుకుని టెన్షన్ పడేవాణ్ని. లోపల ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీలు, ద్రవ హైడ్రోజన్ మైనస్ 253. ట్యాంకుల్లో మరిగినదాన్ని బయటికి వదిలేస్తుంటారు, ఆ చలి తగిలి బంగాళాఖాతం మీంచి వచ్చే ఉక్క గాలిలోని ఆవిరి పొగమంచయిపోతుంది.

ఇప్పుడు పెళ్లిళ్ల సంగతి. వధూవరులు మబ్బుల మీద నడిచొచ్చినట్టు స్టేజీ నిండా పొగ వదులుతున్నారు కదా. వేడినీళ్లలో డ్రై ఐస్, అంటే మైనస్ 78 డిగ్రీల దగ్గర గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ ముక్కలు వేస్తారు. ఆ వాయువు కనపడదు, కనపడేది ఇక్కడా నీటి చుక్కలే. కానీ కనపడని ఆ వాయువు గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, నేల మీదే పేరుకుంటుంది, ఎక్కువైతే ఊపిరాడదు, గాలి ఆడని గదిలో పసిపిల్లల్ని కింద కూర్చోబెట్టి ఆ మెషిన్ పెట్టడం నాకు అస్సలు నచ్చని సరదా.

నాయనమ్మ మాట నిజమయ్యేది ఇక్కడే. డ్రై ఐస్‌ని ఒట్టి చేత్తో పట్టుకుంటే చర్మం కాలినట్టే దెబ్బతింటుంది. నోట్లో వేసుకుంటే పొగ వచ్చే స్మోక్ బిస్కెట్లలో పోసే ద్రవ నైట్రోజన్ అయితే మైనస్ 196, అది మిగిలి ఉండగా మింగితే కడుపులో వాయువై కొన్ని వందల రెట్లు ఉబ్బుతుంది. 2024లో తమిళనాడు ఆహార భద్రతా శాఖ దీని మీద హెచ్చరిక కూడా జారీ చేసింది. పిల్లలు అడిగితే కొనిపెట్టకండి, ఏడిస్తే ఏడవనీండి.

ఈ దిమ్మతో మాత్రం ఏ భయమూ లేదు. రండి, ఒక్కొక్కరే వచ్చి ఊదండి, కరిగిపోయేలోపు.