బండి కింద నీళ్ల బరువు

శ్రోతలందరికీ నమస్కారం.

కారవాన్ అనగానే మన హైదరాబాదు వాళ్లకి సినిమా షూటింగులే గుర్తొస్తాయి. కృష్ణానగర్ సందు చివరో, రామోజీ ఫిల్మ్ సిటీ దారిలోనో నిలబడి ఉండే పొడవాటి బండి, లోపల ఏసీ, పెద్ద అద్దం, సోఫా. అలాంటిదే చిన్న సైజులో, కారు వెనక తగిలించుకుని ఊళ్లు తిరిగే ట్రైలర్ ఇల్లు కూడా ఉంటుంది. మంచం, పొయ్యి, సింకు, ఇరుకు బాత్రూమ్ అన్నీ అందులోనే. చూసినవాళ్లు పరుపు నొక్కి చూస్తారు, ఫ్రిజ్ తలుపు తీసి చూస్తారు. నీళ్లు ఎక్కడున్నాయని మాత్రం అడగరు. చాలా ట్రైలర్లలో అవి నేలకు దిగువన, చాసిస్ అనే అడుగు ఇనప చట్రం మధ్యలో బిగించిన ప్లాస్టిక్ ట్యాంకులో ఉంటాయి. ఆ ట్యాంకును మోసే ఇనుము కుంగిపోతే ఏం చేయాలన్నదే ఈ రోజు సంగతి.

లీటరు నీళ్లు కిలో బరువు. 150 లీటర్ల ట్యాంకు నిండితే 150 కిలోలు, అంటే ఇద్దరు బొద్దు మనుషులన్నమాట. అమెరికా ట్రైలర్లలో 40 గ్యాలన్ల ట్యాంకు మామూలే, అదీ ఇంచుమించు ఇంతే. పైగా ఇది కదిలే బరువు. మన కాలనీల్లో స్పీడ్ బ్రేకర్లు ఎలా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు. బండి ఎగిరి కింద పడ్డ ఆ క్షణంలో ఆధారం మీద పడేది 150 కిలోలు కాదు, అంతకు ఎన్నో రెట్లు. సడన్‌గా బ్రేకు కొడితే నీళ్లన్నీ ముందుకు ఉరుకుతాయి. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఆ పోటు ఇంకా గట్టిగా తగులుతుంది. దానికితోడు మన ఎండలు. మే నెలలో కింద కాలే తారు రోడ్డు, పైన బండి వేడి. ప్లాస్టిక్ మెత్తబడుతుంది, బరువు మీద నెమ్మదిగా సాగుతుంది, మళ్లీ పాత ఆకారానికి పూర్తిగా రాదు.

ఇంత బరువుకు తయారీదార్లు ఇచ్చే ఆధారం చూస్తే ఆశ్చర్యమేస్తుంది. కొన్ని బండ్లలో రెండు పలచటి పట్టీలు, వాటి కొసలకు చిన్న స్క్రూలు. ఇంకొన్నింటిలో ట్యాంకు అంచు మాత్రమే వేలెడు వెడల్పు యాంగ్లర్, అంటే ఎల్ ఆకారపు ఇనప కమ్మీ మీద ఆనుతుంది, నడుమంతా గాల్లోనే. కింద నల్లటి ప్లాస్టిక్ షీటు కప్పేస్తారు కాబట్టి ఎవరికీ కనబడదు. పైన పటారం, లోన లొటారం అని ఊరికే అనలేదు పెద్దలు.

ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షాపులో అలాంటి షీటు విప్పుతుంటే చూశాను. ముందు ఎర్రమట్టి రాలింది, తర్వాత నీళ్లు కారాయి. ట్యాంకు కింది పట్టీ మధ్యలో రెండు వేళ్ల మందం దిగిపోయి ఉంది. ట్యాంకు రాసుకున్న చోట తుప్పంతా పోయి ఇనుము తళతళలాడుతోంది. ఓనరు కొత్త ట్యాంకు ధర అడగబోతే మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. "ట్యాంకు మంచిగనే ఉంది సార్, దాన్ని మోసేటోడే కూలబడ్డడు," అన్నాడు.

మరి దాన్ని నిలబెట్టడం ఎలా? మందం ఇనుము వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. మందం కన్నా నిలువు ముఖ్యం. ఒక ప్లాస్టిక్ స్కేలు తీసుకుని పడుకోబెట్టి వంచండి, ఇట్టే వంగుతుంది. అదే స్కేలును అంచు మీద నిలబెట్టి అదే దిశలో నొక్కండి, మొరాయిస్తుంది. 40 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనప పట్టీని పడుకోబెట్టే బదులు నిలబెడితే వంగకుండా ఆపే శక్తి 64 రెట్లు పెరుగుతుంది. ఇనుము అంతే, డబ్బూ అంతే. అందుకే పట్టీ బదులు యాంగ్లరో, స్క్వేర్ పైపో వాడాలి. 50 బై 50 బై 5 మిల్లీమీటర్ల యాంగ్లర్ మీటరుకు 3.8 కిలోలు తూగుతుంది. ఆరడుగుల ముక్క దాదాపు ఏడు కిలోలు. రాణిగంజ్ ఇనప దుకాణాల్లో అడిగితే చాలు, చెప్పిన కొలతకు కోసిస్తారు.

ట్యాంకు ముందు ఒకటి, వెనక ఒకటి యాంగ్లర్లు అడ్డంగా, చాసిస్ ఈ కమ్మీ నుంచి ఆ కమ్మీ దాకా వెయ్యాలి. వాటి నిలువు రెక్క పైకి ఉండాలి. అప్పుడు బ్రేకు వేసినా ట్యాంకు జరగదు, బండికీ నేలకూ మధ్య ఎత్తూ తగ్గదు. నడుమ ఒక స్క్వేర్ పైపు తప్పనిసరి. ఆధారాల మధ్య దూరం సగమైతే వంపు సగం కాదు, అంతకన్నా చాలా ఎక్కువే తగ్గుతుంది. పైపు కొసలు మూసేసి, కింద చిన్న బెజ్జం పెట్టించండి, లేకపోతే లోపల చెమ్మ చేరి తుప్పు తినేస్తుంది. ఇనుముకీ ప్లాస్టిక్‌కీ మధ్య రబ్బరు షీటు పరవాలి.

వెల్డింగ్ అంతా బండికి దూరంగా చేయించి, తర్వాత బోల్టులతో బిగించండి. ప్లాస్టిక్ ట్యాంకు పక్కన నిప్పురవ్వలంటే నాకు వణుకు. చాసిస్ కమ్మీకి బెజ్జాలు నిలువు భాగంలో వేయించాలి, అడుగు రెక్కలో కాదు. అడుగు రెక్కే ఎక్కువ లాగుడు భరిస్తుంది, అక్కడ బెజ్జం పడితే బలం పోతుంది. పెద్ద వాషర్లు, వదులు కాకుండా లోపల నైలాన్ రింగు ఉన్న ఇనప నట్లు వాడండి. లారీలకు కట్టే రాచెట్ బెల్టుతో పని కానిచ్చేస్తామనే వాళ్లున్నారు. బెల్టు సాగుతుంది, ఇనప అంచు దగ్గర తెగుతుంది. ఇల్లు చేరేదాకా అయితే ఓకే.

ఇదంతా ట్యాంకు ఖాళీ చేశాకే. ఒక్క జాకీని నమ్ముకుని బండి కింద దూరకండి. చక్రాలకు దిమ్మలు పెట్టి, స్టాండ్ల మీద బండిని ఆనించాకే పని మొదలుపెట్టండి. కుంగిన ట్యాంకును జాకీతో పైకి ఎత్తేటప్పుడు జాకీకీ ట్యాంకుకీ మధ్య చెక్క పలక పెట్టి, కొంచెం కొంచెంగా ఎత్తాలి. తొందరపడితే పైపు జాయింటు విరుగుతుంది, అప్పుడు అసలు ఖర్చు మొదలవుతుంది.

కారవాన్ లేదుగా మనకెందుకు అనుకునే శ్రోతలు ఒక్కసారి మేడ ఎక్కండి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను. ఇనప స్టాండ్ మీద నాలుగు కమ్మీలు వేసి దాని మీద ట్యాంకు కూర్చోబెట్టిన ఇళ్లు మన నగరంలో బోలెడు. అడుగు మొత్తం చదునుగా ఆనాలి. కమ్మీల మధ్య ట్యాంకు అడుగు కిందికి ఉబ్బినట్టు కనిపిస్తే నీళ్లు తీసేసి, కింద బండ పలకో, గట్టి ఇనప రేకో వేయించండి.

ట్రైలర్ సంగతికొస్తే, బిగింపు అయ్యాక ట్యాంకు నింపి, ఈ కమ్మీ నుంచి ఆ కమ్మీకి దారం లాగి మధ్యలో ఎంత దిగిందో కొలిచి రాసుకోండి. ఔటర్ రింగ్ రోడ్డు నున్నగా ఉంటుంది, అక్కడ పరీక్ష పనికిరాదు. గతుకుల కాలనీ రోడ్డు మీద కాసేపు తిప్పి తెచ్చి, మళ్లీ దారం లాగండి, ప్రతి నట్టుకూ స్పానర్ వేసి చూడండి. కొత్త రబ్బరు అణిగి ఉంటుంది కాబట్టి ఒకటో రెండో నట్లు పావు చుట్టు తిరుగుతాయి. వాటిని బిగించేయండి.

నమస్కారం.