ఆలస్యంగా వచ్చిన నీలిరంగు

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న ఈ భీమవరంలోనే పుట్టారు. ఆయన జయంతి సభలో మాట్లాడమని పిలిచినందుకు ప్రిన్సిపాల్ గారికి కృతజ్ఞతలు. ఆయన మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టి చదివిన కథను, అమెరికాలో ఆసుపత్రిలో రాత్రిపూట కొలువు చేసిన కథను నాకు ముందు మాట్లాడిన వారు చక్కగా చెప్పారు కనుక నేను మళ్లీ చెప్పను.

నాకిచ్చిన అంశం ‘జీవపదార్థపు రసాయన పునాదులు’. కార్బన్‌తో మొదలుపెట్టి ప్రోటీన్ల దాకా వెళ్లాలని నాలుగు కాగితాలు రాసుకొచ్చాను. అయితే ఉదయం మీ ప్రయోగశాలకు వెళ్లి, అలమరలో ఉన్న పాత రికార్డు పుస్తకాలు రెండు తిరగేసిన తర్వాత ఆ కాగితాలు పక్కన పెట్టేశాను. ఇవాళ ఒక్క మూలకం గురించి, ఒక్క రంగు గురించి మాట్లాడతాను. మూలకం ఫాస్ఫరస్, రంగు నీలం.

ఈ బల్ల మీద మూడు పరీక్షనాళికలు ఉన్నాయి. మొదటి దానిలో ఉన్నది స్వేదనజలం, పోల్చి చూడటానికి పెట్టిన దీనిని బ్లాంక్ అంటాం. రెండవ దానిలో మీ నాన్నలు చేలో చల్లే డి.ఎ.పి. అనే ఫాస్ఫేట్ ఎరువు గుళిక ఒకటి కరిగించి బాగా పలచన చేసిన నీళ్లు. మూడవ దానిలో, పొద్దున బజారులో కొన్న చేప కండను చల్లని ఆమ్లంలో నూరి వడగట్టిన తేట ఉంది. మీ ల్యాబ్ అసిస్టెంట్ గారు ఇప్పుడు మూడింటిలోనూ అమ్మోనియం మాలిబ్డేట్‌ను, ఆ తర్వాత ఒక క్షయకరణ ద్రావణాన్ని కలుపుతారు. ఫాస్ఫేట్ ఉన్నచోట నీలిరంగు వస్తుంది, ఎంత ఉంటే అంత ముదురుగా వస్తుంది. రంగు నిలవడానికి పది నిమిషాలు పడుతుంది కనుక ఆ పది నిమిషాలూ నావి.

దీనిని ఫిస్కే–సుబ్బారో పద్ధతి అంటారు. సుబ్బారావు గారు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో దీనిని ప్రకటించారు. రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలవడానికి తయారైన ఈ పద్ధతి ప్రపంచమంతటా ప్రయోగశాలల్లోకి వెళ్లింది. అయితే నా దృష్టిలో అసలు కథ దీని తర్వాత మొదలైంది.

కండరం నుంచి తీసిన తేటలో వారు ఇదే పరీక్ష చేసినప్పుడు రంగు రావలసిన వేళకు రాలేదు. మొదట లేతగా కనిపించి, కాసేపటిదాకా పెరుగుతూ పోయింది. మామూలు ఫాస్ఫేట్ అయితే అలా చేయదు. ద్రావణం పాడైందని, చెయ్యి తప్పిందని, కాసేపాగి చివరి రీడింగ్ ఒక్కటి రాసుకుంటే సరిపోతుందని ఎవరైనా అనుకోవచ్చు. వారు అలా అనుకోలేదు. నిమిషం నిమిషానికీ రంగు ఎందుకు పెరుగుతోందని అడిగారు. ఆ ఆమ్లంలో ఏదో సున్నితమైన పదార్థం మెల్లగా విడిపోతూ ఫాస్ఫేట్‌ను వదులుతోంది. దానిని వేరుచేసి చూస్తే, కండలో ఉండే క్రియాటిన్ అనే పదార్థానికి ఫాస్ఫేట్ తగిలించిన పదార్థం దొరికింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, అది 1927 నాటి మాట. అంతవరకు కండలో మామూలు ఫాస్ఫేట్ అని లెక్క వేస్తున్నదానిలో పెద్ద భాగం నిజానికి ఇదే.

ఈ సంగతి ఎంత పెద్దదో చూడండి. కండర శక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అప్పట్లో అందరూ నమ్మేవారు, ఆ పరిశోధనలకు హిల్, మయర్‌హాఫ్ అనే శాస్త్రవేత్తలకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా దక్కింది. లాక్టిక్ ఆమ్లం పుట్టకుండానే, ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చవుతూ కండరం ముడుచుకోగలదని 1930లో డెన్మార్క్‌కు చెందిన లుండ్స్‌గార్డ్ చూపించాడు. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు ఒక్క ఉదుటున వెనక్కి దూకే ఆ రెండు మూడు క్షణాల బలం ప్రధానంగా ఈ నిల్వదే. ఇక 1929లో జర్మనీలో లోమన్, అమెరికాలో ఫిస్కే, సుబ్బారావు గార్లు విడివిడిగా కండరంలోనే మరో పదార్థాన్ని కనుగొన్నారు. దాని పేరు మీకందరికీ తెలుసు, ఎ.టి.పి., అంటే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్.

పేరు తెలుసు. మరి అది చేసే పని తెలుసా? పొద్దున నేను చూసిన రెండు రికార్డుల్లోనూ ‘ఎ.టి.పి. కణానికి శక్తి నాణెం, దానిలోని బంధం తెగితే శక్తి విడుదలవుతుంది’ అని ఒకే వాక్యం ఉంది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాడిగా నాకు ఈ వాక్యం మీద కోపం ఉంది. ఏ రసాయన బంధాన్నయినా తెంచాలంటే శక్తి పెట్టాలి. తెంచినందుకు శక్తి ఎవరూ ఇవ్వరు. మీరు గోదావరి కాలువల మధ్య పెరిగినవారు, లాకులు చూసినవారు. లాకు పైన ఉన్న నీటికీ కింద ఉన్న నీటికీ తేడా లేదు, రెండూ ఒకే నీళ్లు. మట్టాల మధ్య ఉన్న తేడాయే పని చేయిస్తుంది. ఎ.టి.పి.లో రుణావేశాలున్న ఫాస్ఫేట్‌లు మూడు పక్కపక్కనే ఇరుక్కుని ఉంటాయి. నీరు చేరి చివరిది విడిపోయినప్పుడు ఆ ఇరుకు తగ్గుతుంది, విడిన ముక్కలు నీటిలో మరింత స్థిరంగా కుదురుకుంటాయి. పాత బంధం తెంచడానికి పెట్టినదానికన్నా ఆ కుదురుబాటులో దక్కేది ఎక్కువ. పైగా కణం ఆ మట్టాల తేడాను ఎప్పుడూ పడిపోనివ్వదు. మన ఒంట్లో ఏ క్షణానైనా ఉండే ఎ.టి.పి. కొన్ని పదుల గ్రాములే, కానీ ఒక రోజులో ఖర్చై మళ్లీ తయారయ్యేదంతా కూడితే దాదాపు మన బరువుతో సమానమవుతుంది. మనం ఊపిరి పీల్చేది ప్రధానంగా ఆ పై మట్టానికి నీళ్లు ఎక్కించడానికే.

అంత ఇరుకులో ఉన్న పదార్థం నీళ్లు తగలగానే ఎందుకు విడిపోదని మీలో ఒకరైనా అడగాలి. ఫాస్ఫేట్ మీద ఉన్న ఆ రుణావేశాలే దాడికి వచ్చే అణువులను దగ్గరకు రానివ్వవు. ఎంజైమ్ వచ్చి తలుపు తీసేదాకా అది అలాగే ఉంటుంది. డి.ఎన్.ఎ. వెన్నెముకలో కూడా ఫాస్ఫేటే ఎందుకుందో 1987లో రసాయన శాస్త్రవేత్త వెస్ట్‌హైమర్ ఈ దారిలోనే వివరించాడు. విడిపోవడానికి సిద్ధంగా ఉండాలి, చెప్పేదాకా ఆగాలి. ఈ రెండు గుణాలూ కలిసి ఉన్న పదార్థాలు ప్రకృతిలో అరుదు.

ఆ మట్టం పడిపోతే ఏమవుతుందో మీ అమ్మలకు తెలుసు. బజారులో చేపను వేలితో నొక్కి చూస్తారు కదా! కండరం ముడుచుకోవడానికే కాదు, పట్టు వదలడానికి కూడా ఎ.టి.పి. కావాలి. చచ్చిన చేపలో అది అయిపోగానే కండలోని పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని వదలలేక బిగుసుకుపోతాయి. మనిషి పోయాక శరీరం కొయ్యబారడానికీ ఇదే కారణం. ఆ తర్వాత కండే విచ్ఛిన్నమవడంతో మెత్తబడుతుంది. బిగువుగా ఉన్న చేప తాజాదని మన ఇళ్లలో ఎరిగిన సత్యం వెనుక ఉన్నది ఈ అణువే.

ఇప్పుడు నా మాట ఒకటి చెప్పాలి. చెప్పడానికే వచ్చానేమో కూడా. డిగ్రీ చివరి సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షలో నాకు ఇదే ప్రయోగం వచ్చింది. అయిదు నాళికలు పెట్టాను. గ్రాఫు గీస్తే నాలుగు బిందువులు సరళరేఖ మీద పడ్డాయి, నాలుగవ నాళికది మాత్రం కిందకు జారింది. పక్కన నిలబడిన అధ్యాపకుడు వంగి చూసి, ‘అది సరిచెయ్యి, మార్కులు పోతాయి’ అన్నారు. రబ్బరుతో చెరిపి, రేఖ మీదికి ఎక్కించాను. నూటికి నూరు వచ్చాయి. ఆ నాళికలో ఏం జరిగిందో నేను అడగలేదు, ఇవాళ అడుగుదామన్నా ఆ నాళిక లేదు. పిపెట్ తప్పో, గాజు మీద మరకో, మరేదైనానో. సుబ్బారావు గారి పద్ధతి చేస్తూ, సుబ్బారావు గారు చేసినదానికి సరిగ్గా వ్యతిరేకమైన పని చేశాను. ఆలస్యంగా వచ్చిన రంగును ఆయన కూడా నాలాగే సరిచేసి ఉంటే ఫాస్ఫోక్రియాటిన్ ఆయన చేతి నుంచి జారిపోయేది.

పిల్లలూ, పొద్దున చూసిన రెండు రికార్డుల్లోనూ ప్రతి బిందువూ రేఖ మీదే ఉంది. ఒక్కటీ జారలేదు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, ఆ రబ్బరు మా తరం మీ చేతికిచ్చింది. అధ్యాపక మిత్రులకు నా విన్నపం ఒక్కటే: జారిన బిందువుకు మార్కులు తగ్గించకండి, అది ఎందుకు జారిందో రాసిన వాక్యానికి మార్కులు వేయండి.

నాళికలు చూడండి. మొదటిది తెల్లగానే ఉంది. డి.ఎ.పి. నీళ్లు నీలంగా తిరిగాయి, చేప తేట కూడా నీలమైంది. సుబ్బారావు గారు చూసిన ఆలస్యం మాత్రం ఈ మూడవ దానిలో మీకు కనబడదు, ఎందుకంటే బజారు చేపలోని ఫాస్ఫోక్రియాటిన్ మన చేతికి వచ్చేలోపే ఖర్చైపోయి ఉంటుంది. రంగు ఎంత ముదురో కొలిచే కలరీమీటర్ ఆన్ చేసి ఉంది. నా ఉపన్యాసానికి చప్పట్లు తర్వాత కొడుదురు గాని, ముందు వరుసలో ఉన్న అమ్మాయి, నువ్వు రా తల్లీ. రీడింగ్ ఏది వస్తే అదే బోర్డు మీద రాయి. ముందు బ్లాంక్ పెట్టు.