షట్టర్ స్ప్రింగ్ విరిగితే ఎంతవుతుంది? మా నల్లగొండ ఇంటి బిల్లు ఇదిగో

[దృశ్యం: తెల్లవారుజాము. ఇంటి కింద పార్కింగ్ షట్టర్. నేల నుంచి జానెడు లేచి, ఒక పక్కకి ఒరిగి ఆగిపోయి ఉంది.]

నమస్తే. ఇది నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు ఉన్న మా ఇల్లు. కింద కారు పెట్టుకునే షట్టర్ ఒకటి, కిరాయికి ఇచ్చిన మడిగె ఒకటి. పోయిన ఎండాకాలం ఒక రాత్రి, పదకొండు దాటాక, కింద టపాసు పేలినట్టు ఒక్క చప్పుడు వినిపించింది. ఎవరిదో బారాత్ అనుకుని పడుకున్నాం. తెల్లారి నాయిన కారు తీద్దామని షట్టర్ ఎత్తితే జానెడు లేచి ఆగింది. స్ప్రింగ్ విరిగిందని మాకు తట్టలేదు, తుప్పు పట్టి ఇరుక్కుందనుకున్నాం. తమ్ముడు వచ్చి కింద చేతులు పెట్టి బలంగా లేపాడు. ఎడమ పక్క లేచింది, కుడి పక్క లేవలేదు. ఒక్కసారిగా జారి వాడి రెండు వేళ్ల మీద పడింది. నాలుగు కుట్లు.

ఆ వారంలో నా చేతికి రెండు బిల్లులు వచ్చాయి. షట్టర్ బిల్లు 4,400 రూపాయలు. ఎక్స్‌రే, కుట్లు, మందులు కలిపి 3,100. ఆ రెండో బిల్లు అసలు రావాల్సింది కాదు. ఈ వీడియో అందుకే చేస్తున్నాను.

[దృశ్యం: పై కవర్ తీసిన షట్టర్. లోపల పొడవాటి పైపు, దాని మీద స్ప్రింగులు.]

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. అది తెలిస్తే ఖర్చు సంగతి దానంతట అదే అర్థమవుతుంది.

షట్టర్ రేకు పట్టీలన్నీ ఈ పైపుకి చుట్టుకుంటాయి. పైపు మీద స్ప్రింగులు ఉంటాయి. కొన్ని షట్టర్లలో లావు తీగ చుట్టినవి, కొన్నిట్లో గడియారం లోపల ఉండే పట్టీ చుట్టలాంటివి. షట్టర్ కిందికి దించుతుంటే పైపు తిరిగి స్ప్రింగులు బిగుసుకుంటాయి, పిల్లల బొమ్మ కారుకి చాబీ తిప్పినట్టు. మళ్లీ ఎత్తేటప్పుడు ఆ బిగువే మనకి సాయం వస్తుంది. అంటే బరువులో ఎక్కువ భాగం మోసేది స్ప్రింగ్, మన చేయి కాదు.

ఆ బరువు ఎంతో లెక్క వేసి చూపిస్తాను. మా షట్టర్ వెడల్పు పది అడుగులు, ఎత్తు ఎనిమిది. మొత్తం 80 చదరపు అడుగులు, అంటే సుమారు 7.4 చదరపు మీటర్లు. దాని రేకు 18 గేజ్, అంటే మందం దాదాపు 1.2 మిల్లీమీటర్లు. ఆ మందంలో చదునైన ఇనుప రేకు చదరపు మీటరుకి 9.4 కిలోలు తూగుతుంది. అక్కడికే 70 కిలోలు. పట్టీల అంచులు ఒకదాంట్లో ఒకటి ఇమిడేలా మడిచి ఉంటాయి, కింద దిట్టమైన పట్టీ, తాళం, ఇవన్నీ కలిస్తే 80 దాటుతుంది. మా దానికి మూడు స్ప్రింగులు. ఒక్కోదాని వంతు 27 కిలోలు అనుకోండి. ఒకటి విరిగిందంటే మనం ఇంటికి తెచ్చుకునే 25 కిలోల బియ్యం బస్తా కంటే ఎక్కువ బరువు, ఉన్నట్టుండి చేతుల మీదకి వచ్చి పడుతుంది. అది కూడా ఒక పక్క నుంచే. మా తమ్ముడి విషయంలో జరిగింది ఇదే.

షట్టర్ మూసి ఉన్నప్పుడే స్ప్రింగ్‌లో బిగువు ఎక్కువ. అందుకే ఎవరూ ముట్టుకోకుండా అర్ధరాత్రి కూడా విరుగుతుంది. మేం విన్న టపాసు చప్పుడు అదే.

[దృశ్యం: విరిగిన స్ప్రింగ్ ముక్క దగ్గరగా. విరిగిన చోట సగం తుప్పు రంగు, సగం మెరుపు.]

ఈ ముక్కని జాగ్రత్తగా చూడండి. సగం గోధుమ రంగు, సగం తెల్లగా మెరుస్తోంది. గోధుమ రంగు ఉన్నచోట పగులు ఎప్పటినుంచో ఉంది, తుప్పు లోపలికి పాకింది. మెరిసే సగం ఆ రాత్రి తెగింది. అంటే ఇది ఒక్క రోజులో విరగలేదు. నిజానికి అంతకు ముందు నెల రోజులుగా షట్టర్ బరువుగా ఉందని అమ్మ అంటూనే ఉంది. దించేటప్పుడు ధడేల్‌మని పడేది. సగంలో వదిలితే ఆగేది కాదు. మేమే పట్టించుకోలేదు.

మీరు ఈరోజే ఒక పరీక్ష చేయండి. షట్టర్‌ని నడుము ఎత్తు దాకా తెచ్చి, చేతులు దగ్గరే ఉంచుకుని, పట్టు కొద్దికొద్దిగా సడలించండి. కాళ్లు మాత్రం షట్టర్ కింద పెట్టకండి. ఉన్నచోటే ఆగితే, లేదా చాలా నెమ్మదిగా కదిలితే స్ప్రింగులు బాగున్నట్టు. గబగబా కిందికి జారిపోతే అలిసిపోయినట్టు. ఒక పక్క ముందు, ఒక పక్క వెనక లేస్తుంటే ఇక ఎత్తడం ఆపేసి మనిషిని పిలవండి.

మా పెద్దనాయన కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. వీడియో కాల్‌లో ఇది చూపిస్తే, వాళ్ల గ్యారేజీ తలుపు స్ప్రింగ్ కూడా అదే చప్పుడుతో విరిగిందన్నాడు. అక్కడి తలుపు మన షట్టర్‌లా చుట్టుకోదు. పెద్ద పెద్ద పలకలు పట్టాల మీద వెళ్లి కప్పు కింద పడుకుంటాయి. కానీ తలుపు పైన అడ్డంగా ఒక కడ్డీ, దాని మీద బిగించిన స్ప్రింగ్, లెక్క ఒక్కటే. అక్కడ మామూలు స్ప్రింగ్‌ని 10,000 సార్లు తెరిచి మూయడానికి అని చెప్పి అమ్ముతారు. రోజుకి నాలుగు సార్లు తెరిచి మూస్తే ఏడాదికి 1,460, అంటే సుమారు ఏడేళ్లు. మెకానిక్‌ని పిలిపిస్తే కొన్ని వందల డాలర్లు అవుతుంది. మన దగ్గర నేను అడిగిన దుకాణాల్లో ఎన్ని సార్లకి వస్తుందో ఎవరూ చెప్పలేదు. అయినా ఎన్నేళ్లయిందన్నది కాదు, రోజుకి ఎన్నిసార్లు ఎత్తి దించుతున్నామన్నదే లెక్క. మధ్యాహ్నం భోజనానికి మూసి మళ్లీ తెరిచే కిరాణా షట్టర్ రోజుకి రెండు సార్లు. బండి తీసినప్పుడల్లా ఎత్తే ఇంటి షట్టర్ దానికి రెట్టింపు తిరుగుతుంది. ఇంటిదే కదా, ఎక్కువ కాలం వస్తుందిలే అనుకోవడం పొరపాటు.

[దృశ్యం: తెల్ల కాగితం మీద చేత్తో రాసిన బిల్లు.]

ఇక డబ్బుల సంగతి. ముందు ఫోన్‌లో ఒకాయన 1,200 అన్నాడు. వచ్చి చూసిన ఇంకొకాయన, "ఇది పాతదయింది సార్, మొత్తం కొత్త షట్టర్ వేయించుకోండి" అని చదరపు అడుగు 280 చెప్పాడు. అంటే 22,400. మూడో మనిషి రిపేరు చేసి 4,400 తీసుకున్నాడు. ముగ్గురిలో ఎవరు న్యాయంగా చెప్పారో తెలియాలంటే బిల్లు విడదీయాలి.

మూడు స్ప్రింగులు, ఒక్కోటి 650 చొప్పున 1,950. ఇద్దరి కూలి 1,500. గ్రీజు, బోల్టులు 150. జారి పడినప్పుడు వంగిన పట్టీలు రెండు, వాటికి 600. సామాను తెచ్చిన ఆటోకి 200. ఇది మా ఇంటి బిల్లు మాత్రమే. మీ సైజుని బట్టి, మీ ఊరిని బట్టి మారుతుంది. దుకాణం నుంచి పక్కా బిల్లు కావాలంటే స్ప్రింగుల మీద 18 శాతం జీఎస్టీ కలుస్తుంది.

ఫోన్‌లో 1,200 అన్నాయన అబద్ధం చెప్పలేదు. ఆయన చెప్పింది ఒక్క స్ప్రింగ్, ఒక్క మనిషి కూలి. అలా ఒక్కటే మార్పించుకుందామా అని నాకూ ఆశ పుట్టింది. పని చేసిన అన్న పైపు దించి మిగతా రెండూ చూపించాడు. "మూడూ ఒక్కరోజే ఎక్కినయి సార్. అన్నీ ఒక్కతీరుగ తిరిగినయి. ఇయ్యాల ఒకటి మారిస్తే ఇంకో రెండు నెలలకు ఇంకోటి పోతది. నా కూలి మల్ల ఇచ్చుకోవాలె" అన్నాడు. ఆ మాట నిజం. ఈ పనిలో కష్టమంతా పైపు దించి ఎక్కించడంలోనే ఉంది. ఒక్క స్ప్రింగ్‌కైనా, మూడింటికైనా ఆ కష్టం ఒక్కటే. పైగా ఒక పక్క కొత్తది గట్టిగా, ఇంకో పక్క పాతది వదులుగా ఉంటే షట్టర్ ఒరిగే నడుస్తుంది. రెండు పక్కలా పట్టీలు జారే గాడి, అంటే గైడ్ చానల్లో, పట్టీలు రాసుకుని చెడిపోతాయి.

కొత్త షట్టర్ ఎప్పుడు వేయించాలి? కింది పట్టీలు తుప్పుకి చిల్లులు పడితే, గైడ్ చానళ్లు గోడ నుంచి ఊడి వస్తుంటే. స్ప్రింగ్ విరగడం ఒక్కటే కారణమైతే 22 వేలు పెట్టాల్సిన పనిలేదు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. విరిగిన స్ప్రింగ్‌ని వెల్డింగ్ పెట్టి ఇస్తాం, నాలుగైదు వందలే అనేవాళ్లు ఉంటారు. ఒప్పుకోకండి. స్ప్రింగ్ ఇనుముకి వంగి మళ్లీ వెనక్కి వచ్చే గుణం తయారీలో పెట్టే పదును వల్ల వస్తుంది. వెల్డింగ్ వేడికి ఆ చోట పదును పోతుంది. అతుకు పక్కనే మళ్లీ తెగుతుంది. ఆ సమయానికి కింద ఎవరుంటారో మన చేతుల్లో లేదు.

[దృశ్యం: ఇద్దరు పనివాళ్లు నిచ్చెనల మీద. ఒకరు పైపు పానాతో పైపుని తిప్పుతుంటే ఇంకొకరు పట్టుకుని ఉన్నారు.]

కూలి 1,500 ఎక్కువ అనిపించిన వాళ్లు ఈ దృశ్యం చూడండి. పై కవర్ విప్పారు. పట్టీల చుట్టని పైపు నుంచి విడదీశారు. పైపుని బ్రాకెట్ల నుంచి దించారు. పాతవి తీసి, కొత్తవి ఎక్కించి, గ్రీజు పెట్టి మళ్లీ పైకి చేర్చారు. ఇప్పుడు పానాతో ఒక్కో చుట్టు తిప్పి బిగువు ఎక్కిస్తున్నారు. ఈ క్షణంలో పానా జారితే అది గిర్రున తిరిగి ముఖానికి, చేతికి కొడుతుంది. షట్టర్ పూర్తిగా పైకి లేచి ఉన్నా సరే, స్ప్రింగ్‌లో కొంత బిగువు మిగిలే ఉంటుంది. అందుకే దీన్ని ఇంట్లో మనమే చేసుకుందామని చూడకండి. నేను ఫ్యాన్ బిగిస్తాను, మోటర్ విప్పుతాను, కానీ దీని జోలికి పోను.

పని మూడు గంటలు పట్టింది. మీరు మనిషిని పిలిచేటప్పుడు షట్టర్ వెడల్పు, ఎత్తు, రేకు గేజ్, లోపల ఎన్ని స్ప్రింగులున్నాయన్నది చెప్పి, అన్నీ మార్చడానికి కూలితో సహా ఎంత అని అడగండి. అప్పుడే వాళ్లు చెప్పే రేటుకి అర్థం ఉంటుంది. తీసిన పాత స్ప్రింగులు మన దగ్గరే వదిలి వెళ్లమనండి. పాతవి మూడుంటే కొత్తవీ మూడే ఎక్కాలి. రెండింటితో బిగువు ఎక్కువ పెట్టి సరిపెడితే కొన్నాళ్లు తేలిగ్గానే నడుస్తుంది, తర్వాత రెండూ తొందరగా పోతాయి.

మోటర్ షట్టర్ ఉన్నవాళ్లకి ఒక్క మాట. చాలా రకాల మోటర్ షట్టర్లలో కూడా స్ప్రింగులు ఉంటాయి. అవి విరిగినా మోటర్ కొంతకాలం లాగుతుంది. లాగుతోంది కదా అని వదిలేస్తే మోటర్ కాలిపోతుంది.

[దృశ్యం: పక్కనే కిరాయి మడిగె. మధ్యాహ్నం ఎండ.]

ఇక ఈ మడిగె సంగతి. కిరాయికి ఉన్నాయన షట్టర్‌కి స్ప్రింగ్ పోతే ఖర్చు ఎవరిది? మన జిల్లాల్లో దీని మీద గొడవ పడని బజారు లేదు. ఓనర్ "వాడేది నువ్వు" అంటాడు. కిరాయిదారు "ఇల్లు నీది" అంటాడు. ముందు కిరాయి కాగితంలో ఏం రాసుకున్నారో చూడాలి. ఏమీ రాసుకోకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని సెక్షన్ 108 ఉంది. తీసుకున్న ఆస్తిని మంచి స్థితిలో ఉంచడం కిరాయిదారు బాధ్యత, కానీ మామూలు వాడకంతో వచ్చే అరుగుదల అందులోకి రాదు అంటుంది ఆ సెక్షన్. తిరిగి తిరిగి స్ప్రింగ్ అలిసిపోవడం అరుగుదలే అని నా అభిప్రాయం. కాబట్టి ఆ ఖర్చు నేనే పెట్టుకుంటాను. బండితో గుద్ది పట్టీలు వంచితే మాత్రం ఆయనది. ఈసారి కాగితం మార్చినప్పుడు ఈ రెండు వాక్యాలూ రాయించాం, అప్పటి నుంచి ఆ మాటే రాలేదు.

నూనె పెట్టే విషయంలో మన ప్రాంతానికి ఒక జాగ్రత్త కావాలి. ఎండాకాలం దుమ్ము, మిర్యాలగూడ వైపైతే రైస్ మిల్లుల ఊక దుమ్ము. గైడ్ చానళ్లలో గ్రీజు దట్టంగా పూస్తే దుమ్ము అంటుకుని జిగురవుతుంది. షట్టర్ ఇరుక్కుంటుంది, మనం బలం పెడతాం, ఆ భారమంతా స్ప్రింగ్ మీద పడుతుంది. చానళ్లని పొడి గుడ్డతో తుడిస్తే చాలు. మెషిన్ ఆయిల్ పెట్టాల్సింది పైన స్ప్రింగులకి, బ్రాకెట్లకి. వానాకాలం ముందు ఒకసారి, అయిపోయాక ఒకసారి. వాన నీళ్లు పై కవర్ సందులోంచి పైపు మీద కారుతుంటే ముందు అది మూయించండి. మా స్ప్రింగ్‌కి తుప్పు అక్కడి నుంచే పట్టింది.

[దృశ్యం: సాయంత్రం. పని అయిపోయింది. పై కవర్ లోపలి వైపు తెల్ల పెయింట్‌తో నెల, సంవత్సరం, పక్కన "3 స్ప్రింగులు" అని రాసి ఉంది. కింద నాయిన షట్టర్‌ని ఒక చేత్తో నడుము ఎత్తు దాకా దించి వదిలాడు. షట్టర్ అక్కడే ఆగింది. వేళ్లకి కట్టుతో తమ్ముడు పక్కన నిలబడి చూస్తున్నాడు.]